అరపావు అంగుళం చాంబరు

ఆ రోజుల్లో కాస్త ఇంగ్లీషు వచ్చినవాడికి లోకంలో అన్నీ వచ్చనే అనుకునేవారు. నేను రాయ్‌పూర్ పోలీసు ఆఫీసులో టైపిస్టుగా కొత్తగా చేరాను. తుపాకీని అంతకుముందు దగ్గర్నుంచి చూసినవాణ్ణి కూడా కాదు. చుట్టుపక్కల సంస్థానాలు విలీనమయ్యాక వాటి పోలీసుల తుపాకులు మా ఆయుధాల గదికి చేరాయి. అందులో రెండు పంపు తుపాకులు. (ముందున్న చెక్కపిడిని వెనక్కి లాగి ముందుకు తోస్తే కాల్చిన తూటా బయటపడి కొత్తది లోపలికెళ్తుంది. నీళ్ల పంపుతో వాటికున్న చుట్టరికం అంతే.) రెండూ కవలపిల్లల్లా ఉండేవి. తనిఖీ దగ్గరపడుతోందని, వాటిమీది అక్షరాలు చదివి తగిన తూటాలు తీసిపెట్టమని మా హెడ్‌క్లర్కు బడేబాబు నాకు పురమాయించాడు.

చదివాను. రెండింటి బోరూ, అంటే గొట్టం లావు, పన్నెండే. కానీ తూటా కూర్చునే చోటు, అంటే చాంబరు, ఒకదానికి రెండుముప్పావు అంగుళాలు. పాతదానికి అంతకన్నా అరపావు అంగుళం తక్కువ. మా దగ్గరున్నవన్నీ పొడుగు తూటాలు. అసలు గొడవేమిటంటే, ఆ పొడుగు తూటా పొట్టి చాంబరులోకి కూడా సుఖంగా దూరిపోతుంది. పెట్టె మీద రాసిన పొడవు, పేలి మూతి విచ్చుకున్న తూటాది. పేలకముందు మూతి ముడుచుకుని పొట్టిగానే ఉంటుంది. విచ్చుకోడానికి చోటు చాలకపోతే ఒత్తిడంతా గొట్టం మీద పడుతుంది. పాత గొట్టమైతే చీలినా చీలొచ్చు.

తనిఖీ రోజు ఆ పాత తుపాకీని పేల్చవలసినవాడు అభన్‌పూర్ హవల్దారు, మంచి మీసాలాయన. "సబ్ బారా నంబర్ హై, బాబూ," అంటూ, అన్నీ పన్నెండో నంబరేగా అన్నట్టు తూటా దూర్చి చూపించాడు. "దేఖియే, ఘుస్ గయా న?"

దూరుతుంది మహాప్రభో, పేలాకే చిక్కు, అన్నాను. పొద్దున చెప్పాను, మధ్యాహ్నం చెప్పాను, మర్నాడు బొమ్మ గీసి చెప్పాను. ఆయన ఎంతో ఓపిగ్గా విని, చదువుకున్నవారు మీరు అని నన్ను మెచ్చుకుని, మళ్లీ తూటా దూర్చి చూపించేవాడు. నాకు జుట్టు పీక్కోవాలనిపించేది.

ఆ ఆదివారం పలాస నుంచి మావయ్య సంసారంతో సహా మా నాన్నగారి రైల్వే క్వార్టర్లో దిగాడు. కూర్చున్నంతసేపూ ముందుగదిలో అందరం పట్టాం. భోజనాలయ్యాక నడుం వాల్చేసరికి మావయ్య కాలు తగిలి తలుపు గడియ ఊడింది. "ఏటిరా ఇది, కాలు జాపుకోడానికి జాగా నేదు," అన్నాడాయన. నాకు ప్రాణం లేచొచ్చింది.

సోమవారం హవల్దారుకి తూటాకి పోలికగా మావయ్య కాళ్ల సంగతి చెప్పాను. ఆయన గంభీరంగా తలూపి, అయినా ఆ తుపాకీ పక్కన పెట్టాలంటే బడేబాబు హుకుం కావాలన్నాడు. సరేనని ఒక చాంబరు అరపావు అంగుళం తక్కువుందనీ, ప్రమాదమనీ బడేబాబుకి ఇంగ్లీషులో రాసిచ్చాను. ఆయనకి తెలిసిన చాంబరు లోకంలో ఒక్కటే, మా పై అధికారి సాబు కూర్చునే గది. ఆ కాగితం మీద 'అర్జెంటు' అని గీసి కట్టడాల శాఖకి పంపేశాడు.

రెండ్రోజులకి ఓవర్సియరు, మేస్త్రీ టేపు పట్టుకుని సాబు గదిలోకి వెళ్లారు. ఏ గోడ జరపాలని అడిగారట. ఎంత జరపాలని సాబు అడిగితే అరపావు అంగుళం అన్నారట. సాబు కేకకి నేనూ బడేబాబూ పరుగెత్తాం.

"ఈ మద్రాసీ కుర్రాడే రాశాడు సార్," అన్నాడు బడేబాబు.

విసుగులో నాకు భయం కూడా పోయింది. గది కాదండీ, తుపాకీ అని మొదలుపెట్టి, వచ్చీరాని హిందీలో మావయ్య, తలుపు గడియ అన్నీ ఏకరువు పెట్టాను. "మా అత్తగారివైపు వాళ్లూ దిగారు," అన్నాడు సాబు. పాత తుపాకీని వేరే పెట్టి తాళం వేయించమన్నాడు. (ఎలాగూ వచ్చాం కదా అని ఓవర్సియరు గది కొలుచుకునే వెళ్లాడు.)

తనిఖీనాడు హవల్దారు పొడుగు చాంబరు తుపాకీ పేల్చాడు. అయ్యాక నాకు టీ గ్లాసు తెచ్చిచ్చాడు. "మా ఇంటామెకి మీ మావయ్య సంగతి చెప్పాను, బాబూ. ఇంత చిన్న మాటకి మీకిన్నాళ్లు పట్టిందేమిటని అడిగింది," అన్నాడు. ఒళ్లు మండి ఏదో అనబోయి ఆ చెయ్యి చూశాను. మసిలో మునిగిన అయిదు వేళ్లూ గ్లాసు చుట్టూ నిక్షేపంగా ఉన్నాయి.

ఇప్పుడైతే ఆ చెయ్యి పట్టుకుని కాసేపు కూర్చునేవాణ్ణి. అప్పట్లో నేనైన ఆ బక్క కుర్రాడు మాత్రం టీ పుచ్చుకుని, పంచదార తక్కువైందని సణిగాడు.