సూదమ్మ వదిన

మా వదినను ఊరంతా సూదమ్మ అంటారు. ఎదురుగా అనరు, ఎక్కడ గుచ్చుతుందోనని భయం. ముప్పై గడపల కొండ ఊరు మాది. కింద రోడ్డు చేరాలంటే నాలుగు గంటల నడక. పశువుల డాక్టరు ఈ కొండ ఎక్కిన దాఖలాలు నాకు తెలిసి లేవు. అందుకే కింద పశువుల ఆసుపత్రిలో ఇరవై రోజులు పని నేర్పిస్తాం, ఒకరు రండి అన్నప్పుడు అందరం నేల చూపులు చూశాం. వదిన చెయ్యెత్తింది. అన్నయ్య అడ్డు చెప్పలేదు. ఆయన రోజంతా మేకల వెంటే ఉంటాడు, మాటలు కూడా వాటితోనే.

నేర్చుకుని వచ్చాక వదిన ఊరుకుందా? దొడ్డి నేల తడిగా ఉందని చెక్కలు పరిపించింది. మేకపిల్లలకు కడుపులో పురుగులు పోయే నట్టల మందు తాగించింది. వాటి చావులు సగానికి సగం తగ్గాయి. అయినా సూది దగ్గరికి వచ్చేసరికి జనం బెదిరారు. పోయినేడు చిటుకు రోగానికి టీకాలు వేయడానికి ఒక్కో ఇంటి చుట్టూ కాళ్ళరిగేలా తిరిగింది. వేశాక కొన్ని మేకలు ఒళ్ళు కాలి వణికాయి. రెండ్రోజుల్లో తేరుకున్నాయి గానీ, మా ఎదురింటి గొణుగుడు మామ మాత్రం ఆర్నెల్లు గొణిగాడు.

ఈ ఏడు పక్క కొండ మీద పారుడు రోగం పడింది. ముక్కు కారి, నోరు పుండై, పారుకుంటూ పారుకుంటూ వారంలో మేక నేలకొరుగుతుంది. మాకూ వాళ్ళకూ మధ్య ఒక్క వాగు. మేకలు పోతే ఇక్కడ ఎవరికీ వేరే బతుకు లేదు. వదిన ఉరుకుల మీద కిందికి దిగి, టీకా మందు పొడి మూడు సీసాలు ఐసు డబ్బాలో పెట్టుకుని సాయంత్రానికి ఇల్లు చేరింది. సీసాకు నూరు మేకలు. పొద్దున్నే మేకలన్నీ మా కళ్ళంలోకి తోలుకు రమ్మని ఇంటింటికీ చెప్పి, వచ్చి ఒళ్ళు తెలియకుండా పడుకుంది.

తెల్లారి డబ్బా తెరిస్తే ఐసు ఉంది, సీసాలు లేవు.

"పొయ్యి గట్టు మీదున్నాయి, భద్రంగా పెట్టాను" అంది మా అమ్మ.

నిజంగానే భద్రంగా పెట్టింది. ఉన్ని గుడ్డలో చుట్టి, నిప్పుల పక్కన. చలికాలంలో పుట్టిన మేకపిల్లల్ని అదే గట్టు మీద, అలాగే చుట్టి, నలభై ఏళ్ళుగా బతికిస్తోంది మా అమ్మ. "పోయినేడు చల్లటి మందు ఎక్కించబట్టే కదా అవి పాపం అట్లా వణికింది! ఈసారైనా గోరువెచ్చగా ఉంటుందని..."

వదిన సీసా పట్టుకుని చూసింది. వేడిగా ఉంది. వేడి తగిలాక అది మందు కాదు, ఒట్టి పొడి. బయట కళ్ళంలో అప్పటికే మేకల అరుపులు.

నేను చేసిన పని దాచను. "ఎవరికి తెలుస్తుంది వదినా? పొడిచెయ్. రోగం రాకపోతే మన అదృష్టం. వస్తే మందు పనిచెయ్యలేదనుకుంటారు" అన్నాను.

"అట్లా అనుకుంటే మళ్ళీ ఈ జన్మలో ఒక్క మేకనైనా పట్టుకోనిస్తారా నన్ను?" అంది.

కళ్ళంలోకి వెళ్ళి అందరి ముందూ చెప్పింది. "మందుకు వేడి తగిలి పాడైపోయింది. నా పొరపాటే. మళ్ళీ వెళ్ళి తెస్తాను."

గొణుగుడు మామ ఆ రోజు గొణగలేదు, అరిచాడు. "పక్క కొండ మీద మేకలు రాలిపోతుంటే నీకింత నిర్లక్ష్యమా? నీ చేతికి సూది ఇచ్చినవాళ్ళననాలి!"

వదిన తలొంచుకుని నిలబడింది. అప్పుడు మా అమ్మ గుమ్మం దిగింది.

"దాన్నేమంటావురా? సీసాలు తీసి పొయ్యి దగ్గర పెట్టింది నేను. అనేదేదో నన్నను."

అమ్మ తప్పు ఒప్పుకోవడం నేను చూడటం అదే మొదలు. నాకు సిగ్గేసింది, అమ్మ గురించి కాదు, నా గురించి.

వదిన అట్నుంచటే కొండ దిగింది. మూడో రోజు మధ్యాహ్నం తిరిగొచ్చింది. కింద రెండు రోజులు కాచుకుంటే రెండు సీసాలే దొరికాయట. ఊళ్ళో మేకలు రెండువందలు దాటాయి. మా ఇంటివి పద్నాలుగు తీసేస్తే, మిగతావి సరిగ్గా రెండువందలు. కళ్ళం మాదే కాబట్టి మా మేకలే వరసలో ముందున్నాయి.

"మనవి పక్కకు తియ్యి" అంది అమ్మ.

వదిన చేతిలో సూది ఆగిపోయింది. "అత్తయ్యా, మీ చేతుల్లో పెరిగినవి..."

"తియ్యమన్నానా?"

నేనూ అన్నయ్యా తోలుకుపోయాం. వాటితో అన్నయ్య ఆ రోజు ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

నెల తిరిగేసరికి రోగం వాగు దాటింది. ఊరి మేకలు నిక్షేపంలా మేస్తూనే ఉన్నాయి. మావాటిని వదిన ఊరికి దూరంగా పాకలో కట్టి, నోళ్ళు కడిగి, ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు పట్టించి నానా తంటాలు పడింది. ఐదు దక్కాయి. పోయినవాటిని పూడ్చిన ప్రతిసారీ అమ్మ వచ్చి గుంట దగ్గర నిలబడేది. ఏడ్చేది కాదు. నేను మాత్రం ఏడ్చాను.

దొడ్డికి సున్నం చల్లి, ఇక భయం లేదని వదిన చెప్పిన కొన్నాళ్ళకు, గొణుగుడు మామ ఒక ఆడ మేకపిల్లను తీసుకొచ్చి మా గుంజకు కట్టాడు.

"ఏంట్రా ఇది?" అంది అమ్మ.

ఆయన మొహం అటు తిప్పుకుని గొణిగాడు.

"దీనికి సూది పడింది అక్కా. నీ కోడలే వేసింది."