పిల్లల తల మీద సత్యం

నా చిన్నప్పుడు, ఎనభయ్యో దశకంలో, తమిళనాడు మారండహళ్ళిలోని మా వీధిలో పందొమ్మిది ఇళ్ళు, అరవై రెండు ఓట్లు ఉండేవి. ఆ లెక్క కట్టింది మా తాతయ్య. బట్టల కొట్టు నడిపేవారు. ముప్పై ఏళ్ళుగా ఒకే పార్టీ మనిషి; పార్టీని మా ఊళ్ళో కట్చి అనేవాళ్ళు. ఆ ఏడు పంచాయతీ ఎన్నికల్లో ఆ పార్టీకి ఎదురు నిలబడింది పక్కింటి అయ్యవారు, బడిలో పాఠాలు చెప్పి దిగిపోయిన మనిషి. ఆయన ఒక్కరే ఇంటింటికీ నడిచి వచ్చి, నమస్కారం పెట్టి, "ఎవరికి వేస్తారో నాకు చెప్పొద్దండమ్మా, మాట ఇస్తే మీకే బరువు" అని వెళ్ళిపోయేవారు.

ఓట్లకు రెండు రోజుల ముందు, మిట్టమధ్యాహ్నం, తాతయ్య ఇద్దరు మనుషులను వెంటబెట్టుకుని వీధి మొదటి నుంచి బయలుదేరారు. తమలపాకులో ఇరవై రూపాయల నోటు పెట్టి ఇచ్చేవారు. గడప మీద కర్పూరం ముట్టించేవారు. డబ్బు తీసుకున్న ఆడమనిషి ఆ ఇంటి చిన్నబిడ్డ తల మీద చెయ్యిపెట్టి, తాతయ్య పార్టీకే వేస్తానని సత్యం చేయాలి. మా వైపు ఒట్టును సత్యం అనే అంటారు. తప్పితే ఏమవుతుందో ఎవరూ పైకి చెప్పలేదు. చెప్పకపోవడమే ఎక్కువ భయపెట్టింది.

గడపగడపకూ నల్లటి మచ్చ పడుతూ వచ్చింది. ఆ పూట పిల్లలం ఎవరమూ ఆడలేదు. అరుగుల మీద ఎవరి తల వాళ్ళం తడుముకుంటూ కూర్చున్నాం. ఎదురింటి పిల్ల నా చెవిలో అడిగింది: "అక్కా, మా అమ్మ కూరలో ఉప్పేసింది కూడా మర్చిపోతాది. ముద్ర తప్పుగా గుద్దితే నేను చచ్చిపోతానా?"



చివరిది మా ఇల్లు. చిన్నబిడ్డను నేనే. మా అవ్వకు అయ్యవారంటే గురి అని అందరికీ తెలుసు. వెంట వచ్చినవాడొకడు నవ్వుతూ, "ఊరంతా సత్తెం చేయించి సొంతింటిని వదిలేస్తే ఎట్లన్నా?" అన్నాడు. తాతయ్య నా భుజం పట్టి ముందుకు జరిపారు. అంత ఎండలోనూ ఆయన వేళ్ళు చల్లగా ఉన్నాయి.

అవ్వ నన్ను వెనక్కి లాగి, తన అరచేయి చాపింది. "కర్పూరం దీంట్లో ముట్టించండి. కాలితే నా చెయ్యే కాలుతుంది. బిడ్డ తల మీ కట్చికి కుదువ పెట్టను."

తాతయ్య పుల్ల గీశారు. అది ఆయన వేళ్ళ దాకా కాలింది. అవ్వ చెయ్యి కదల్లేదు. ఆయన పుల్ల పారేసి లోపలికి వెళ్ళిపోయారు.

అవ్వ చెంబుతో పసుపు నీళ్ళు తీసుకుని ఎదురింటికి నడిచి, ఆ పిల్ల తల మీద పోసింది. "సత్తెం కడిగేసినాను. నీకేం కాదు, పోయి ఆడుకో." కాసేపటికి ఒక్కొక్క తల్లీ తన బిడ్డను తెచ్చింది. అవ్వ మూడుసార్లు చెంబు నింపుకుంది.

అయ్యవారు ఓడిపోయారు. కానీ మా వీధిలో ఎవరు ఎవరికి వేశారో తాతయ్య లెక్కకు మళ్ళీ అందలేదు. అవ్వను ఆయన ఏనాడూ అడగలేదు.

ఈనాటికీ మా ఇంట్లో ఎవరైనా మాటవరసకు "పిల్లల మీద ఒట్టు" అంటే నేను మాట అక్కడే ఆపేస్తాను. నీ మాటకు నువ్వు చాలవా అని అడుగుతాను.