తూరు నుంచి సీదోను మీదుగా

ఆదివారం ఆరాధనకు ముందు పిల్లలకు పాఠం చెప్పే ఆయన్ని చర్చిలో అందరూ రూటు తాతయ్య అంటారు. సర్వీసంతా బస్సు తోలి, రిటైరయ్యాక సువార్తల మీద పడ్డాడు. ప్రభువు ఏ ఊరి నుంచి ఏ ఊరికి నడిచినా ఈయన నల్లబల్ల మీద సుద్దతో గీత గీయాల్సిందే. ఎక్కడ ఎత్తు, ఎక్కడ నీళ్లు దొరుకుతాయి, ఎక్కడ ఆగి ఉంటారు, అన్నీ చెప్పాల్సిందే. మీ ఆయన ప్రభువుకి కూడా టైంటేబులు వేస్తాడని ఆడవాళ్లు ఆయన భార్యను ఆటపట్టించేవారు. పైకి మూతి ముడిచినా ఆవిడకు లోపల మహా గర్వం.

అలాంటి మనిషి ఒక మధ్యాహ్నం ఆ దేశపు పటం ముందు కూర్చుని తిండి సంగతే మరిచిపోయాడు. ప్రభువు తూరు నుంచి బయలుదేరి, సీదోను మీదుగా గలిలయ సముద్రం దగ్గరికి వచ్చాడని సువార్తలో ఉంది. తీరా గీస్తే సీదోనేమో తూరుకు పైనుంది, కిందికి గలిలయకు రావాల్సిన మనిషి ముందు పైకి వెళ్తున్నాడు. చెరిపి గీశాడు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ గీశాడు. చివరికి పాస్టరుగారిని అడిగాడు. ఆయన దాపరికం లేని మనిషి. రాసినవాడికి ఆ ప్రాంతం సరిగ్గా తెలియదని కొందరు పండితులంటారని, ప్రభువే కావాలని చుట్టు తిరిగి వచ్చాడని మరికొందరంటారని చెప్పాడు.

అదే కొంప ముంచింది. తెలియని దారి చెప్పేవాడంటే డ్రైవరుకు ఒళ్లుమంట.

"దారే తెలియనివాడు మిగతావి నిజం రాశాడని ఏంటి నమ్మకం?" అన్నాడు భార్యతో.

ఆ ఆదివారం ఒంట్లో బాలేదన్నాడు. తర్వాతి ఆదివారం మోకాళ్లన్నాడు. గ్రంథం తెరవడం మానేశాడు. భోజనం ముందు ప్రార్థన ఆవిడ ఒక్కతే చేసుకోవాల్సి వచ్చింది. పెళ్లయిన నాటి నుంచి పక్కన వినపడిన గొంతు వినపడకపోతే ఆవిడకు ముద్ద దిగేది కాదు.

ఒక సాయంత్రం కూతురు వచ్చి, తను పుట్టిన రోజు సంగతి చెప్పమని ఎప్పటిలాగే తల్లిని అడిగింది. ఆవిడ మొదలుపెట్టింది. నొప్పులొచ్చాయట, ఏ బండీ దొరక్క ఈయన డిపోలో బతిమాలి ఖాళీ బస్సు తెచ్చాడట, బజారు దాటి, వంతెన దాటి ఆసుపత్రికి చేరారట.

పేపరు వెనక నుంచి ఆయన గొంతు వచ్చింది. "వంతెనెక్కడ దాటాం? ఆసుపత్రి ఇవతలి గట్టునే కదా. ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

మామూలుగా అయితే మీరూరుకోండి అనేది. ఈసారి అనలేదు.

"దారి తప్పే చెప్పాను లెండి. మరి పిల్ల పుట్టిన మాట కూడా అబద్ధమేనా?"

కూతురు నవ్వింది. ఆయన నవ్వలేదు. దానికీ దీనికీ సంబంధమేంటని గొణిగాడు.

"ఆ నొప్పుల్లో నేను వంతెనలు చూస్తూ కూర్చున్నానా? మీ మొహం చూశాను. ఏడుస్తూ తోలారు బస్సు. అది తప్పని చెప్పండి చూద్దాం."

ఆయన పేపరు మడిచి పక్కన పెట్టాడు. ఆ పూట భోజనాల దగ్గర, ఆవిడ కళ్లు మూసుకోగానే పక్కన బొంగురుగా ఆయన గొంతు కలిసింది.

ఆదివారం నల్లబల్ల మీద తూరు నుంచి పైకి సీదోనుకు, అక్కడి నుంచి చుట్టు తిరిగి కిందికి గీత గీశాడు. ఇదేం దారి తాతయ్యా అన్నారు పిల్లలు.

"నాకూ అర్థం కాలేదురా," అని ఒప్పుకుని సుద్దముక్క కింద పెట్టాడు. "కానీ ఆ దారి చివర ఒక చెవిటివాడున్నాడు. ప్రభువు ముట్టుకుంటే వాడికి వినపడింది. ఆ సంగతి చెప్తాను, దగ్గరికి జరగండి."