శిల్పి ఇన్నయ్య గారి భార్య

ఫిలోమినా శిల్పకళలోకి చెవుల దారిన వచ్చింది.

పద్దెనిమిదేళ్లకు పెళ్లయి రెంటచింతల నుంచి దుర్గికి కాపురానికి వచ్చినప్పుడు ఆమె ఉలిని చేత్తో పట్టుకుని కూడా ఎరగదు. మొగుడు ఇన్నయ్య దాచేపల్లి సిమెంటు లారీల మీద డ్రైవరు. వారానికి ఒకరోజు ఇంటికొచ్చేవాడు. ఊరికే కూర్చుంటే పూట గడవదని ఆమె రామబ్రహ్మం గారి షెడ్డులో కూలికి చేరింది. ఆయన విగ్రహం చెక్కుతాడు, ఈమె నీళ్లు పోస్తూ గరుకు కాగితంతో రుద్ది నునుపు తేవాలి. అంతవరకే పని.

రామబ్రహ్మం గారు నలభై ఏళ్లుగా పల్నాటి రాయి చెక్కుతున్న మనిషి. ఎండలో తెల్లరాతిని చూసీ చూసీ చూపు మందగించింది. ముక్కూ పెదవీ వేలితో తడిమి తీసేవాడు గాని, చెవి మడతల దగ్గరికి వచ్చేసరికి ఉలి పక్కకు పోయేది. రెండు విగ్రహాలకు చెవులు విరిగి మూల పడ్డాక, ఒక మధ్యాహ్నం ఉలి తెచ్చి ఫిలోమినా చేతిలో పెట్టాడు.

"అమ్మాయ్, ఈ చెవి నువ్వు తియ్యి."

"నాకేం తెలుసు బాబాయ్?"

"నీ చెవి తడుముకో. అట్టాగే తియ్యి."

తడుముకోవడం, రెండు దెబ్బలు వేయడం, మళ్లీ తడుముకోవడం. సాయంత్రానికి చెవి వచ్చింది. రామబ్రహ్మం దాన్ని వేలితో మడత మడతా తడిమి చూశాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"బయట చెప్పమాక. అడిగితే నేనే తీశానంటా. జనం లేనిపోనివి మాట్లాడతారు. ఆయనకు తెలుసులే," అని విగ్రహం వైపు చూపించాడు.

అలా ఆరేళ్లపాటు ఆ షెడ్డు నుంచి బయల్దేరిన దేవుళ్లందరికీ, ఆదివారం తప్పకుండా చర్చికి పోయే ఫిలోమినా చెవులు పెట్టింది. ఎన్ని ఊళ్ల మొరలో ఆ చెవుల్లోంచే లోపలికి పోయాయి. తమ మొర వినబడలేదని ఎవరూ షెడ్డు దాకా వచ్చి ఫిర్యాదు చేయలేదు.

ఆ ఆరేళ్లలో చెవుల నుంచి వేళ్లకు, వేళ్ల నుంచి ముఖాలకు వచ్చింది. ఆమె పని పూర్తిగా నేర్చుకునే సమయానికి రాతి పని తగ్గిపోయింది. రాతిని కోసే మిషన్లు వచ్చాయి. రామబ్రహ్మం గారు షెడ్డు మూసి, కొడుకు దగ్గరికి వినుకొండ వెళ్లిపోతూ తన ఉలుల సంచీ ఆమెకిచ్చాడు. చెక్కడానికి రాయి లేకపోయింది గాని, ఇన్నయ్య లారీలో చిరిగిన బస్తాల సిమెంటు మిగిలేది. దాంతో పెరట్లో ఒక మేకను చేసింది. రోడ్డున పోయేవాళ్లు నిలబడి చూశారు. ఆ చూసినవాళ్లలో దాచేపల్లి దగ్గర హైవే మీద హోటలు పెట్టుకున్న లక్ష్మీనారాయణ ఒకడు.

"మా హోటలు మైలు దూరం నుంచి కనపడాలమ్మా. జిరాఫీ చెయ్యగలవా?" అని అడిగాడు.

ఆమె జిరాఫీని పుస్తకంలోనే చూసింది. అయినా ఇరవై రోజుల్లో పద్నాలుగు అడుగుల జిరాఫీని నిలబెట్టింది. తల సరిగ్గా కరెంటు తీగల పక్కకు పోయింది. లైన్‌మన్ వచ్చి చూసి, తీగలు జరపడం తన చేతిలో లేదని, మెడ తగ్గించడం ఆమె చేతిలో ఉందని చెప్పాడు. ఫిలోమినా నిచ్చెన వేసుకుని మెడ కోసి, తలను ఐదడుగులు కిందికి దించి అతికించింది. జిరాఫీ మచ్చల గుర్రమైంది. లక్ష్మీనారాయణ ముందు మొహం మాడ్చుకున్నాడు గాని, అదేం జంతువో తేల్చుకోవడానికి కార్లు ఆగడం మొదలయ్యాక అది తన ఆలోచనేనని చెప్పుకున్నాడు.

సిమెంటు తర్వాత ఫైబర్ వచ్చింది. ఊరూరా నాయకుల బొమ్మలు లేచే కాలం. ముందు బంకమట్టితో మనిషిని చేయాలి, దాని మీద అచ్చు తీయాలి, ఆ అచ్చులో ఫైబరూ జిగురూ వేసి బొమ్మ పోయాలి. ఆ జిగురు వాసనకు తల తిరిగేది, దగ్గు పట్టుకునేది. అయినా తేలిగ్గా ఉంటుంది, ట్రాలీ ఆటోలో పోతుంది, కంచు రంగు వేస్తే కంచే అనుకుంటారు. ఫిలోమినా మాచర్ల రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఇన్నయ్యకు నడుము పట్టేసి లారీ మానేశాడు. షెడ్డు ముందు కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. వచ్చినవాళ్లు లోపల మట్టిలో మోచేతుల దాకా మునిగి ఉన్న ఆడమనిషిని చూసి కూలి అనుకునేవాళ్లు. కుర్చీలో ఉన్న మనిషికి దండం పెట్టి "శిల్పి గారూ" అనేవాళ్లు. మొదట్లో ఇన్నయ్య "నేను కాదండీ, మా ఆవిడ" అనేవాడు. వాళ్లు నవ్వి, ఎంత వినయం అనుకునేవాళ్లు. కొన్నాళ్లకు చెప్పడం మానేశాడు. ఇంకొన్నాళ్లకు తెల్ల లాల్చీ కుట్టించుకున్నాడు.

నూజెండ్ల దగ్గర ఒక ఊళ్లో వీరరాఘవయ్య అనే పెద్దమనిషి చనిపోతే, ఆయన ఇద్దరు కొడుకులూ బొమ్మ పెట్టించడానికి వచ్చారు. వీరరాఘవయ్య పాతికేళ్లు ఆ ఊరి రాజకీయం నడిపినవాడు. కొడుకులు ఒక ఎన్నికల పోస్టరు తెచ్చారు. మాటలన్నీ ఇన్నయ్యతోనే.

"చెయ్యెత్తి ఆర్డరేస్తన్నట్టు ఉండాల. కళ్లల్లో రోషం కనపడాల," అన్నాడు పెద్దకొడుకు.

"రోషానికి కొంచెం టైం పట్టిద్ది," అన్నాడు ఇన్నయ్య గంభీరంగా.

నాలుగు రోజుల తర్వాత వీరరాఘవయ్య భార్య ధనమ్మ బస్సు దిగి ఒక్కతే వచ్చింది. డెబ్బై దాటిన మనిషి. ఇన్నయ్య కుర్చీ చూపించినా ఆగకుండా లోపలికి నడిచి, మట్టి బొమ్మ ఎదురుగా నిలబడింది.

"చేసేది నువ్వా?" అని ఫిలోమినాను అడిగింది. ఏళ్ల తరబడి ఆ షెడ్డులో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆమే.

"నేనే పెద్దమ్మా."

"ఇది పోస్టరు మొగం. ఇంట్లో ఇట్టా ఉండేవాడు కాదు."

"ఎట్టా ఉండేవారు?"

ధనమ్మ బొమ్మ దగ్గరికి జరిగింది. "ఏదన్నా చెప్తా ఉంటే కింద పెదవి లోపలికి లాక్కునేవాడు. తల ఇట్టా పక్కకి వంచేవాడు. వింటన్నట్టే ఉండేది. ఆనక తన ఇష్టమే చేసేవాడనుకో. కానీ వింటన్నట్టుండేవాడు."

ఫిలోమినా బొటనవేలితో పెదవి కింద మట్టి నొక్కింది. మట్టి లోపలి తీగను మెడ దగ్గర వంచింది. ధనమ్మ చూస్తూ నిలబడింది. గంట తర్వాత కొంగుతో నోరు మూసుకుని, "చాలమ్మా, ఇంక ముట్టుకోమాక," అంది.

కొడుకులకు ఆ ముఖం నచ్చలేదు. "మా నాన్న ఎప్పుడన్నా ఎవరి మాటన్నా విన్నాడా? ఇదేంది, ఎవరో చెప్తే వింటన్నట్టుంది!" అన్నాడు చిన్నవాడు. కాని ముహూర్తం దగ్గర పడింది, తల్లి పట్టుబట్టింది. ముఖం తల్లి చెప్పినట్టు, చెయ్యి కొడుకులు చెప్పినట్టు అని రాజీ కుదిరింది. అలా వీరరాఘవయ్య చెయ్యెత్తి గట్టిగా ఆజ్ఞాపిస్తూ, అదే సమయంలో ఎవరి మాటో శ్రద్ధగా వింటూ ఊరి సెంటర్లో నిలబడ్డాడు.

ఆవిష్కరణకు ఫిలోమినా కూడా వెళ్లింది. ఆడవాళ్ల వైపు వెనక వరసలో నిలబడి, జనం కదిలాక దిమ్మెకు బిగించిన నల్లరాతి ఫలకం చదివింది. ఆవిష్కరించినవారు, అధ్యక్షత వహించినవారు, ముఖ్య అతిథులు, స్థలదాతలు, మైకు సెట్టు. అన్నిటి కింద: "శిల్పి: శ్రీ ఇన్నయ్య."

ఇంటికొచ్చి వంట చేసింది. అన్నం పెట్టేటప్పుడు అడిగింది.

"నా పేరేదయ్యా ఆ బండ మీద?"

"వాళ్లే ఏశారే. నేనేం జేశా?"

"నిన్ను అడగలా?"

"అడిగారు."

"ఏం జెప్పావు?"

ఇన్నయ్య కంచంలోకి చూశాడు. "శిల్పి పేరేంది అన్నారు. అప్పుడు ఎదురుగా ఉంది నేనే గదా. అయినా మనిద్దరిదీ ఒకటే ఇంటిపేరు."

"ఇంటిపేరు కూడా ఎయ్యలేదు," అంది ఫిలోమినా, కూర వడ్డిస్తూ.

ఆ మాట అక్కడితో ఆగేదే. కాని ఫలకం చదివినవాళ్లు ఇంకా ఉన్నారు. నెల తిరక్కుండా నరసరావుపేటలో ఒక కళాసమితి వాళ్లు శిల్పి ఇన్నయ్య గారికి సన్మానం చేస్తామని ఉత్తరం పంపారు. శాలువా, జ్ఞాపిక, భోజనం. చివరి వాక్యంలో, శిల్పి గారు వేదిక మీద అరగంటలో మట్టితో ఒక ముఖం చేసి చూపించవలసిందిగా కోరారు.

ఇన్నయ్య ఉత్తరం మూడుసార్లు చదివి లాల్చీ విప్పేశాడు.

"జరమొచ్చిందని చెప్తా," అన్నాడు.

"దేనికి? పోయిరా. వారం ఉంది గదా, నేర్పిస్తా," అంది ఫిలోమినా. ఆమె గొంతులో కోపం లేదు. అదే అతన్ని ఎక్కువ భయపెట్టింది.

వారం రోజులు నేర్పింది. మనసు పెట్టే నేర్పింది. ఇన్నయ్య పొద్దున్నుంచీ సాయంత్రం దాకా ఒక్క ముక్కు మీదే కూర్చున్నాడు. మొదటి రోజు చిలగడదుంప వచ్చింది. నాలుగో రోజు కూడా చిలగడదుంపే వచ్చింది గాని, దానికి రెండు రంధ్రాలున్నాయి. ఆరో రోజు వేళ్లు వాచి, నడుము మళ్లీ పట్టేసింది. మట్టి ముద్ద ముందు చతికిలబడి, "ఇన్నేళ్లూ ఇదంతా ఎట్టా జేశావే?" అన్నాడు. పెళ్లయిన ఇరవై ఎనిమిదేళ్లలో ఆమె పని గురించి అతను అడిగిన మొదటి మాట అది. ఆమె అతని నడుముకు మందు రాసింది.

సన్మానం రోజు హాలు నిండింది. శాలువా కప్పారు. ప్రశంసాపత్రంలో రాతిని మాట్లాడించినవాడని, సిమెంటుకు ప్రాణం పోసినవాడని, ఫైబర్‌లో రోషం నింపినవాడని చదివారు. ఎదురుగా బల్ల మీద మట్టి ముద్ద. ఇన్నయ్య దాన్ని తాకలేదు. చెమటలు తుడుచుకుని మైకు అందుకున్నాడు.

"అయ్యా, తమరు పొరపడ్డారు. నాకు ముక్కు కూడా చెయ్యటం రాదు. ఆ బొమ్మలన్నీ మా ఆవిడే చేసింది. ఫిలోమీ, పైకి రావే."

ఫిలోమినా వెనక వరసలోంచి లేచింది. పైకి వచ్చి, చీర కొంగు బిగించి, ఎవరి వైపూ చూడకుండా పని మొదలుపెట్టింది. ఇరవై నిమిషాల్లో ముందు వరసలో కూర్చున్న కళాసమితి అధ్యక్షుల వారే మట్టిలోంచి బయటికొచ్చారు, ఆవులింత ఆపుకుంటున్న ముఖంతో సహా. చప్పట్లు మోగిపోయాయి. అధ్యక్షుల వారు కదిలిపోయి మైకు తీసుకున్నారు.

"శిల్పులను చాలామందిని చూశాం. కాని తన కీర్తిని కూడా భార్యకు ధారపోసే ఇంత పెద్ద మనసు ఇన్నయ్య గారికే సాధ్యం! ఇల్లాలిని కూడా ఇంతటి కళాకారిణిగా తీర్చిదిద్దారు!"

ఇంకో శాలువా తెప్పించి, దాన్నీ ఇన్నయ్యకే కప్పారు. మర్నాడు పేపర్లో ఫొటో వచ్చింది. కింద "భార్యను ప్రోత్సహించిన శిల్పి" అని వేశారు.

"చెప్పాను గదే! నువ్వు విన్నావు గదా!" అని ఇన్నయ్య పేపరు పట్టుకుని ఇల్లంతా తిరిగాడు. ఏడుపొక్కటే తక్కువ. ఫిలోమినా మాత్రం ఆ రోజు కడుపు పట్టుకుని నవ్వింది. ఆ రెండో శాలువాను జిగురు డబ్బా మీద కప్పడానికి వాడుకుంది.

తర్వాతి ఎన్నికల్లో వీరరాఘవయ్య ఊరు చేతులు మారింది. గెలిచినవాళ్లు రోడ్డు వెడల్పు చేయాలన్నారు. రోడ్డు ఒక్క వైపే, సరిగ్గా వీరరాఘవయ్య నిలబడినంత మేర వెడల్పయింది. కొడుకులు గొడవ చేస్తారనుకున్నారు గాని, చిన్నవాడు అప్పటికే గెలిచినవాళ్లలో చేరిపోయాడు, పెద్దవాడు కోర్టుకు పోతానని చెప్పి పోలేదు. దిమ్మెను అక్కడే వదిలేసి, బొమ్మను మాత్రం ట్రాలీ ఆటోలో తెచ్చి షెడ్డులో దించిపోయారు.

మర్నాడే ధనమ్మ వచ్చింది. "మొత్తం మనిషిని ఏడ పెట్టుకోను? మొగం వరకూ తీసివ్వగలవా?" అని అడిగింది.

ఫిలోమినా మిషన్‌తో మెడ దగ్గర కోసి, అంచులు నునుపు చేసి, పాత చీరలో చుట్టి ఇచ్చింది. ధనమ్మ దాన్ని బస్సులో ఒళ్లో పెట్టుకుని వెళ్లింది. వంటింట్లో గూట్లో పెట్టుకుందని, పప్పు రుబ్బుతూ దానికి ఊరి సంగతులన్నీ చెబుతుందని తర్వాత తెలిసింది.

ఆరు నెలలకు గెలిచిన వర్గంవాళ్లు తమ పెద్దాయన ఫొటోతో వచ్చారు. కుర్చీలో ఉన్న ఇన్నయ్యకు దండం పెట్టారు.

"నన్నడగమాకండి. లోపలుంది, ఆమెనడగండి," అన్నాడు అతను, కుర్చీలోంచి లేవకుండానే.

"చెయ్యెత్తాలా?" అని అడిగింది ఫిలోమినా.

"ఎత్తాల. అంతకుముందున్న ఆయనకంటే కొంచెం పైకే ఎత్తాల."

మూల నిలబడి ఉన్న తల లేని ఒంటి వైపు ఆమె ఒకసారి చూసింది. తల కొత్తగా చేసింది. భుజం దగ్గర కోసి, చేతిని నాలుగు వేళ్ల మేర పైకి జరిపి అతికించింది. పంచె రంగు మార్చింది. ఆవిష్కరణ అదే సెంటర్లో, అదే దిమ్మె మీద జరిగింది. వీరరాఘవయ్య చిన్నకొడుకు దండ వేయడానికి నిచ్చెనెక్కి, ఆ ఛాతీ దగ్గర ఎందుకో ఒక క్షణం తడబడి, దండ వేసి దిగాడట.

ఫిలోమినా వెళ్లలేదు. జిగురు వాసన పడటం లేదని డాక్టరు చెప్పాక ఆమె ఇనుముకు మారింది. ఆ పొద్దున మాచర్లలో అయాజ్ పాత ఇనుప కొట్లో, లారీ స్ప్రింగు కట్టలూ గేరు చక్రాలూ ఏరుకుంటూ ఉంది. వెల్డింగు చేసి ఎద్దును చేయాలని ఆమెకు ఏడాదిగా మనసులో ఉంది.

"ఎవరు చెయ్యమన్నారక్కా?" అడిగాడు అయాజ్.

"ఎవరూ అన్లా."

"మరి ఎవరు కొంటారు?"

"అది తర్వాత. ఆ వంకర కమ్మీ ఇటు పడెయ్యి, కొమ్ముకి సరిపోయిద్ది."