మూత పడని రంగుల గొట్టం

తెల్లవారి దేవుని ముందు దీపం పెడుతుండగా బోధన్ నుంచి కబురు వచ్చింది, తమ్ముడు పోయాడని. దీపం వెలిగించాకే లేచాను. నిజామాబాద్ బస్టాండు దాకా నడుస్తూ, ఇక కష్టపడకు నాయనా అనుకున్నాను. ఏడుపు తర్వాత వచ్చింది.

తమ్ముడూ మరదలూ కలిసి చేసిన రంగుల గొట్టాలు మీలో కొందరి ఇళ్లలో ఉండే ఉంటాయి. కంటికి ఆనించి తిప్పితే లోపల పువ్వులు విచ్చుకుంటూ మారిపోతాయి. అద్దాల పట్టీలు కోసి, మూడింటినీ ముక్కోణంగా నిలిపి దారంతో కట్టడం అతని పని. గాజు ముక్కలు, పూసలు ఏరి పోయడం, గొట్టం మీద లతలు దిద్దడం ఆమె పని. మూత అతికించే ముందు అతని అద్దాలను ఆమె చూడాలి, ఆమె రంగులను అతను చూడాలి. ఒకరు ఒప్పుకోకపోతే విప్పాల్సిందే. బాగుందన్న మాట ఆ ఇంట్లో నేను వినలేదు. కుదిరితే "మూత పెట్టు" అనేవాళ్లు. అంతే.

పసుపు రంగు ఎక్కువైతే తమ్ముడు ఊరుకునేవాడు కాదు. "ఏందే, నందిపేట్ పసుపంత గిండ్లనే ఆరవోసినవా?"

"నీ అద్దాలు అత్తాకోడండ్ల లెక్క మొహాలు తిప్పుకున్నయి. ముందు గవి సూస్కో."

నవ్వుకుంటూనే విప్పేవారు. మా ఇంటికొస్తే దేవుని పటం కూడా సరిచేసి గాని దండం పెట్టేవాడు కాదు. "అద్దానికి మొహమాటం లేదు గదక్క, అలవాటైంది" అనేవాడు.

చక్కెర జబ్బు అతని కళ్లను తినేసింది. "సూసినవా అక్క, బోధన్ చెరుకంత ఆడించి చక్కెర నా ఒంట్లనే పోసిండ్రు" అన్నాడు. చూపు పోయాక తడుముకుంటూ అద్దాలు కట్టాడు. వేళ్లు తెగేవి. ఆ జబ్బుకు గాయం మానదు. పుండ్ల మీద గుడ్డ చుట్టుకుని మళ్లీ కూర్చునేవాడు. కళ్లు పోయాక కట్టింది ఒక్కటైనా ఆమె చేత ఒప్పించుకుని పోవాలని అతని పట్టు.

ఆమె వెలుగుకు ఎత్తి చూసేది. అద్దం వెంట్రుకంత జరిగినా పువ్వు మధ్యలో చీలిపోతుంది.

"కలుస్తలేదు. ఇప్పు."

అతను విప్పేవాడు. దారానికి నెత్తురు అంటినా ఆమె గొంతు మారలేదు.

ఆ రోజుల్లో కొంతకాలం నేను వాళ్ల దగ్గరే ఉన్నాను. చూడలేక మా చిన్న చెల్లెలు ఒకనాడు గొట్టం అందుకుని "అన్నా, ఎంత ముద్దుగున్నదే!" అంది.

"ఏ దిక్కుకెళ్లి సూసినవ్ చెల్లె, గొట్టం బయటి దిక్కుకెళ్లా?" అని నవ్వాడు. మొహం మాత్రం మరదలి వైపే తిప్పి ఉంచాడు.

వంటింట్లో ఆమెతో అన్నాను. "ఒక్కసారి 'మూత పెట్టు' అనరాదా అమ్మా? పోయే పానం."

ఆమె జొన్నరొట్టె తిప్పుతూ తల ఎత్తలేదు. "గదొక్కటి అబద్ధం చెప్తే, వదినె, ఇన్నేండ్లు చెప్పినయి గూడ అబద్ధాలే అనుకుంటడు. గప్పుడు ఆయనకు ఏం మిగుల్తది?"

 నా కోపం పోలేదు.

కబురు అందిన ఆ రోజు నేను బోధన్ చేరేసరికి వాకిట్లో పాడె కడుతున్నారు. తమ్ముడి తలగడ పక్కన ఒక గొట్టం ఉంది. నిన్న పొద్దుగూకే వేళ కట్టి ఇచ్చాడట. వెలుగు చాలదు, పొద్దున చూస్తానందట ఆమె.

"గిది అన్న ఛాతి మీద పెడదాం. మూత పెట్టు వదినె" అని ఏడుస్తూ అందించింది చెల్లెలు.

మరదలు దాన్ని ఎండకు ఎత్తింది. మెల్లగా తిప్పింది. పాడె కడుతున్న చేతులు ఆగాయి.

"కలుస్తలేదు" అంది.

"రాతిగుండెదానా!" అని ఒక ముసలమ్మ తిట్టింది. మరదలు గాజు ముక్కలను కొంగులో పోసుకుంది. దారం విప్పి, మూడు అద్దాలనూ తీసి అరుగు మీద గోడకు ఆనించి విడివిడిగా నిలబెట్టింది.

"ఆయన చేసినదని గిసొంటిది ఆయనెంట పోవద్దు" అంది.

పాడె లేచింది. అరుగు ముందు నుంచి పోతుంటే తమ్ముడి మీది తెల్లగుడ్డ ఒక అద్దంలో కనిపించి పోయింది, తర్వాత రెండో దాంట్లో, ఆ తర్వాత మూడో దాంట్లో. మూడింట్లోనూ ఎదురింటి గోడ మిగిలింది.