అచ్చు ఇంగ్లీషు, గొలుసుకట్టు ఇంగ్లీషు

నాకు అక్షరం ముక్క వచ్చేసరికి నలభై దాటి చాలా కాలమైంది. మా పేటలో పెద్దవాళ్ళకి సాయంత్రం బడి పెట్టారు. డిగ్రీ చదివే ఒకమ్మాయి సంచీ నిండా పలకలు పట్టుకుని వచ్చేది. మా ఆయన గిలకలదిండిలో వలలు బాగుచేసేవాడు. "ఇప్పుడు చదివి కలెక్టరువవుతావా?" అని నవ్వాడు. కలెక్టరునవ్వక్కర్లేదు, బస్సు మీద ఊరి పేరు చదివితే చాలన్నాను. అలాగే చదివాను. ఒకరోజు బందరు బస్టాండులో ఎవరినీ అడక్కుండా గుడివాడ బస్సు ఎక్కి కూర్చుని, కండక్టరు మొహంలోకి గర్వంగా చూశాను. పాపం ఆయనకేం తెలుసు.

ఆ బడిలో నాకు తెలిసిన సంగతి ఇంకొకటి ఉంది. దివిసీమలో మా నాన్నకుండిన అరెకరం తాలూకు పాత కాయితం ఒకటి మా ట్రంకుపెట్టెలో పడి ఉండేది. నాకు అక్షరాలన్నీ వచ్చాక దాన్ని చదువుదామని తీశాను. ఒక్క ముక్క అర్థం కాలేదు. పంతులమ్మకి చూపిస్తే ఆమెకీ రాలేదు. "ఇది కరణాల గొలుసుకట్టు రాతండీ. ఇదీ తెలుగే, కానీ మనం నేర్చుకున్న అచ్చక్షరాల్లా ఉండదు" అంది. అక్షరం ఎక్కడ మొదలైందో ఎక్కడ ఆగిందో తెలీకుండా తీగలా పాకి ఉంది. అయితే ఒకే భాషకి రెండు మొహాలుంటాయన్నమాట అని గట్టిగా బుర్రలో పెట్టుకున్నాను. ఆ తెలివే తర్వాత నా పరువు తీసింది.

అప్పటికి నేను బంటుమిల్లి వెళ్ళే దారిలో ఒక రొయ్యల కంపెనీలో పనిచేస్తున్నాను. పని అంటే ఒలుపు. తెల్లటోపీ, రబ్బరు బూట్లు, ముందు ఐసులో పోసిన రొయ్యలు. తల తుంచడం, పెంకు తీయడం, మళ్ళీ చెయ్యి ఐసులో పెట్టడం. రొయ్య రసం చర్మాన్ని తినేస్తుంది. సాయంత్రం అందరం పటిక నీళ్ళలో చేతులు ముంచుకుని కూర్చునేవాళ్ళం. నా వేళ్ళు మిగతావాళ్ళ వేళ్ళకంటే ఎక్కువ చెడ్డాయి. కణుపుల దగ్గర వాచి, అన్నం కలుపుకోవడానికి కూడా మడత పడేవి కావు. ఇంట్లో చెంచాతో తినేదాన్ని. ఎవరైనా వస్తే చెంచా చాటుకు పెట్టి, ఆకలి లేదనేదాన్ని.

షెడ్డు చివర లేబుళ్ళ బల్ల ఉండేది. అక్కడ పొడి చేతులతో పని. వచ్చిన సరుకుకి తగ్గ చీటీ చూసి అట్టపెట్టె మీద అంటించాలి, అవసరమైతే రెండు ముక్కలు రాయాలి. అంతా ఇంగ్లీషే. ఆ బల్ల దగ్గర ఒక కుర్చీ కూడా ఉండేది. నేను ఆ కుర్చీని చూసినట్టు మా అత్తగారి ముక్కుపుడకని కూడా చూడలేదు.

ఆ రోజుల్లోనే కంపెనీలో గడ్డకట్టించే యంత్రం బిగించడానికి చైనా ఆయన ఒకరు భార్యనీ కూతుర్నీ తీసుకుని వచ్చాడు. కంపెనీ వాళ్ళకి బందరులో గెస్టుహౌసు ఉండేది, అందులో దిగారు. ఆదివారాలు అక్కడ ఊడ్చి తడిగుడ్డ పెట్టడానికి నన్ను పిలిచేవారు. వంటాయన వాళ్ళని చైనా దొరలనేవాడు. తెల్లగా ఉన్నారు, దొరలన్నారు, నేను ఇంగ్లీషు వాళ్ళే అనుకున్నాను. చైనా అంటే ఇంగ్లీషు వాళ్ళ దేశంలో ఏదో జిల్లా అనుకున్నాను. ఇంట్లో వాళ్ళు మాట్లాడుకునే గోలంతా ఇంగ్లీషేననుకున్నాను. నవ్వేవాళ్ళు నవ్వండి. అప్పట్లో నన్ను సరిదిద్దేవాళ్ళెవరూ లేరు, నేనెవరినీ అడగనూ లేదు.

ఆ పిల్లకి పదేళ్ళుంటాయి. ఎప్పుడు చూసినా వరండాలో అటూ ఇటూ తిరుగుతూ ఒక బొమ్మల పుస్తకం చదివేది. బొమ్మ కింద ఇంగ్లీషు మాట, దాని కింద ఇంకో రకం రాత. పిల్ల అరచేత్తో మాటని మూసి, బొమ్మ చూసి పైకి చెప్పేది, తర్వాత చెయ్యి తీసి సరిచూసుకునేది. తప్పు చెబితే లోపల్నించి తల్లి పుల్లతో బల్ల మీద టక్కుమని కొట్టేది. ఆ చప్పుడుకి పిల్లతోపాటు నేనూ ఉలిక్కిపడేదాన్ని.

"ఏవండీ, పాపకి ఏంటంత చదువు?" అని వంటాయన్నడిగాను.

"వాళ్ళ ఊరెళ్ళాక బళ్ళో ఇంగ్లీషు పరీక్ష ఉందటమ్మా. ఇక్కడ బడి లేదుగా, మర్చిపోతుందని తల్లి భయం."

మన పిల్లలు తెలుగు చదవరూ? అలాగే వాళ్ళ పిల్ల వాళ్ళ భాష చదువుతోంది అనుకుని ఊరుకున్నాను.

ఒకరోజు నేను చీపురాపి పుస్తకంలోకి తొంగిచూశాను. పిల్ల తిట్టలేదు. బొమ్మ మీద వేలుపెట్టి "ఫిష్" అంది. నేనూ "ఫిష్" అన్నాను. నేనలా అనగానే దానికి ఎంత సంతోషమో! తనకంటే తెలియనిది ఒకటి దొరికింది కదా. తర్వాత ప్రతి ఆదివారం నాకు పాఠమే. నేను తప్పు చెబితే వేలితో గచ్చు మీద టక్కుమని కొట్టేది, అచ్చం తల్లిలాగే. అలా అచ్చు ఇంగ్లీషు అక్షరాలు పట్టుబడ్డాయి. కింద ఉన్న ఆ రెండో రాత సంగతి మాత్రం నేనడగలేదు. అడగాల్సిన అవసరమేముంది, నాకు తెలుసుగా. గొలుసుకట్టు.

వాళ్ళు వెళ్ళిపోయేటప్పుడు పిల్ల ఆ పుస్తకం రెండు చేతులతో పట్టుకుని నాకిచ్చింది. పెద్దవాళ్ళకి తాంబూలం ఇచ్చినట్టే ఇచ్చింది. నేను కొంగు పట్టి తీసుకున్నాను.

ఇంటి దగ్గర దాన్ని పట్టుకుని ఏడాది పైగా కూర్చున్నాను. పైన మాట రాయడం, కింద గొలుసుకట్టు రాయడం. పైది సులువు. కిందదానితోనే ప్రాణం పోయేది. వాన అనే మాటకి పైన కప్పులా ఒక గీత, కింద తలుపుచట్రం, లోపల చినుకులు. ఇంగ్లీషు వాళ్ళ కరణాలు ఎంత ముచ్చటగా రాస్తారు, వాన అంటే చినుకులు కూడా వేస్తారు అని మురిసిపోయాను. మడత పడని వేళ్ళతో ఒక్కొక్క గీతా దిద్దాను. మా ఆయన వల పక్కన పెట్టి చూసి "ఇది ఇంగ్లీషంటే నమ్మబుద్ధి కావట్లేదే" అన్నాడు. "వలకళ్ళు లెక్కపెట్టుకునే నీకేం తెలుసయ్యా" అన్నాను.

షెడ్డులో నోరు మూసుకుని ఉంటే పోయేది. నా నోరు ఊరుకునేది కాదు. పదో తరగతి తప్పిన ఒకమ్మాయి నా పక్కనే ఒలిచేది. దానికి కాస్త చదువు గర్వం. ఒకరోజు లేబుళ్ళ బల్ల మనిషికి పెళ్ళై వెళ్ళిపోతోందని తెలిసింది. ఈ పిల్ల "ఆ బల్ల నాకే ఇస్తారు, ఇక్కడ ఇంగ్లీషొచ్చిందెవరికి?" అంది.

"నాకొచ్చు" అన్నాను.

"నీకా పెద్దమ్మా?"

"నాకే. నీకొచ్చింది ఒక్క రకం. నాకు రెండు రకాలూ వచ్చు. అచ్చూ వచ్చు, గొలుసుకట్టూ వచ్చు."

ఒలుపు బల్ల అంతా ఆగిపోయింది. "ఇంగ్లీషులో గొలుసుకట్టు కూడా ఉంటుందా అత్తా?" అని ఎవరో అడిగారు. "ఉండకేం? అన్ని భాషలకీ ఉంటుంది" అన్నాను. పదో తరగతి పిల్ల కూడా నోరు తెరిచింది. దాని బళ్ళో అంతవరకు చెప్పలేదేమో అనుకుని ఉంటుంది. ఆ వారమంతా షెడ్డులో నా మర్యాదే వేరు.

సూపర్‌వైజరు కుర్రవాడు, నెమ్మదస్తుడు. ఆ బల్ల కావాలన్నవాళ్ళని టీ వేళకి రమ్మన్నాడు. మేమిద్దరమే వెళ్ళాం, చూడ్డానికి మాత్రం షెడ్డంతా వచ్చింది. ఒక అట్టపెట్టె మూత బోర్లించి, లావు పెన్ను చేతికిచ్చాడు. ముందు చీటీలు చూపించి చదవమన్నాడు. కూడబలుక్కుని చదివాను. కొన్ని వచ్చాయి, కొన్ని రాలేదు. పదో తరగతి పిల్లా అంతే.

"ఫిష్ అని రాయమ్మా" అన్నాడు.

రాశాను. అక్కడితో పెన్ను కింద పెట్టొచ్చుగా? పెట్టలేదు. దాని కింద, కొక్కేనికి తగిలించిన నాలుగు గళ్ళ కిటికీలాంటి ఆ గొలుసుకట్టు, ఒక్క గీత తప్పకుండా దిద్దాను. పనిలో పని అని పక్కన వాన కూడా రాశాను, చినుకులతో సహా. రాసి, తలెత్తి చూశాను.

అప్పుడు పదో తరగతి పిల్ల, "పెద్దమ్మా, ముగ్గేశావేంటే?" అంది.

నవ్వు మొదలైంది. నేను ఇంకా ధైర్యంగానే ఉన్నాను. "నీకు రాకపోతే ముగ్గేనా? చెప్పండి బాబూ దానికి" అన్నాను.

సూపర్‌వైజరు నవ్వలేదు. అట్ట తన వైపు తిప్పుకుని చూశాడు. "అమ్మా, ఇది ఇంగ్లీషు కాదు. చైనా వాళ్ళ రాత" అన్నాడు.

"చైనా వాళ్ళది ఇంగ్లీషే కదా?"

అప్పుడు చూడాలి నవ్వు. ఐసు మోసే మగవాళ్ళు కూడా గడప దగ్గర నిలబడి నవ్వారు. ఒకావిడ కడుపు పట్టుకుని కింద కూర్చుండిపోయింది. "రెండు రకాల ఇంగ్లీషూ వచ్చేసిందర్రా మా అత్తకి!" అని ఎవరో అరిచారు. నాకు చెవుల్లోంచి ఆవిరి వచ్చింది. ఏడాది పాటు అన్నం కలుపుకోలేని వేళ్ళతో నేను దిద్దింది ఎవరి భాషో. బస్సు బోర్డు చదివినప్పటినుంచి నాలో పెరిగిందంతా ఒక్కసారి బట్టలూడదీసి నడివీధిలో నిలబెట్టినట్టయింది.

సూపర్‌వైజరు అందర్నీ కసిరి పంపేశాడు. నన్ను ఆపి, "కిందది వదిలెయ్యమ్మా. పైది సరిగ్గానే రాశావు కదా, నాకు కావలసింది అదే. నీ చేతులు చూశాను. రేపట్నించి బల్ల దగ్గరకొచ్చెయ్యి" అన్నాడు.

ఈ మాట నేను ఇప్పటికీ తిరగేసుకుంటాను. బల్ల ఇచ్చాడు. కుర్చీ ఇచ్చాడు. నేనేమన్నానో తెలుసా?

"నాకొద్దు బాబూ. ఆ పిల్లకివ్వండి."

"ఎందుకమ్మా?"

"వద్దంటున్నానుగా."

అట్టపెట్టె మూత అక్కడే ఉంటే మళ్ళీ ఎవరో చూస్తారని చంకలో పెట్టుకుని వచ్చేశాను. దారిలో కాలవలో పడేస్తే, రాసిన వైపు పైకి తేలింది.

ఇంటికెళ్తే మా ఆయన గుమ్మంలోనే ఉన్నాడు. "వచ్చిందా?" అన్నాడు.

"ఇవ్వలేదు."

"ఎందుకివ్వడు? రెండు రకాలొచ్చినదానికి ఇవ్వక ఎవరికిస్తాడంట? పద, నేనొచ్చి అడుగుతా." చొక్కా వేసుకుంటున్నాడు. ఆయన నన్ను నమ్మాడు. ఎప్పుడూ వెక్కిరించే మనిషి ఆ ఒక్క విషయంలో నమ్మి, నాకోసం దెబ్బలాటకి వెళ్తానంటున్నాడు. ఆ చొక్కా లాగి దాచిపెట్టాల్సి వచ్చింది. ఆయనకి అసలు సంగతి ఎప్పటికీ చెప్పలేదు. షెడ్డులో నవ్వినవాళ్ళందరి ముందూ మళ్ళీ తలెత్తుకున్నాను కానీ ఆ చొక్కా తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలీదు.

మర్నాడు నేను మళ్ళీ ఐసు ముందు నిలబడ్డాను. పదో తరగతి పిల్ల కుర్చీలో కూర్చుంది. కొంతకాలం అందరూ అన్నారు, తర్వాత మర్చిపోయారు. జనం నవ్వు ఎన్నాళ్ళుంటుంది? కొత్త సరుకు వచ్చేదాకా. నేనే మర్చిపోలేదు. పుస్తకం మళ్ళీ ముట్టుకోలేదు. పేపరు ముక్క కనబడినా చదవడం రానట్టే ఉండేదాన్ని.

కొన్నాళ్ళకి ఒక కొత్తరకం ఆర్డరు వచ్చింది. చీటీల కట్ట విప్పి ఆ పిల్ల చాలాసేపు చూసింది. చూసి, బల్ల దగ్గర్నుంచే కేకేసింది.

"పెద్దమ్మా, నీ బొమ్మల పుస్తకంలో టెయిల్ అనే మాట ఉందా? టెయిల్ అంటే ఏంటే?"

ఎగతాళి లేదు దాని గొంతులో. నిజంగా తెలీకే అడిగింది. నలుగురూ నావైపు తిరిగారు. నాకు తెలుసు. కోతి బొమ్మ దగ్గర ఆ మాట ఉంది. నాకు అర్థం కాకపోతే చైనా పిల్ల చెయ్యి వెనక్కి పెట్టుకుని తోకలా ఊపి, వరండా అంతా గెంతింది.

"నాకు ఇంగ్లీషు రాదే అమ్మా" అన్నాను. "వెళ్ళి బాబునడుగు."

అది లేచి సూపర్‌వైజరు గదిలోకి వెళ్ళింది. తిరిగొచ్చి, "తోకలు తుంచకండర్రా, ఈ సరుకు తోకతోనే పోవాలంట!" అని అందరికీ చెప్పింది. అప్పటికే చాలా తోకలు తుంచేశాం. మిగిలినవి తోక ఊడకుండా ఒలవడానికి వేళ్ళు మెత్తగా మడత పడాలి. నావి పడవు. తల వంచుకుని, చీలిపోయినవి చీలిపోగా, ఒలిచాను.