పన్నెండింటికి మూసే గేటు

ముందే చెబుతున్నాను, ఎదురు మాట్లాడే పిల్లలంటే నాకు ఒళ్ళు మంట. నారాయణగూడలో ఆడపిల్లల హాస్టల్ బడికి ఇరవై రెండేళ్ళు వార్డెన్‌గా చేశాను. ప్రభావతి మేడం వస్తోందంటే వరండాలో గుసగుసలు కూడా ఆగిపోయేవి. అలాంటి నన్ను ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి అందరి ముందూ నిలదీసింది. పేరు శ్రీలక్ష్మి.

2011 జూన్‌లో వాళ్ళ నాన్న ఈరన్న తెచ్చి చేర్చాడు. పాలమూరు, అదే మహబూబ్‌నగర్, వైపు వాళ్ళు. ముషీరాబాద్ బస్తీలో ఉంటూ మొగుడూ పెళ్ళాలిద్దరూ ఇళ్ళు కట్టే పనులకు వెళ్ళేవారు. తల్లి కురుమమ్మ ఆ రోజు పనిలో ఉందట, రాలేదు.

వచ్చిన రోజే రగడ. మంచం ఇస్తే ఒల్లనని పరుపు నేల మీద వేసుకుని పడుకుంది. ఉప్మా పెడితే, "ఇది తింటే గంటకే ఆకలైతది, రొట్టె లేదా?" అని వంట చేసే బీరమ్మ మీదికి పోయింది. తోటి పిల్లలు ‘పాలమూరు’ అని వెక్కిరిస్తే, "అవ్, పాలమూరే. మీరు పండుకునే గీ బిల్డింగ్ కట్టిందెవరనుకున్నరు?" అంది. పిలిచి నాలుగు చీవాట్లు పెట్టాను. తల దించలేదు. అమ్మో, ఏం పొగరు అనుకున్నాను గానీ, పిల్ల తల్లి మీద బెంగ పెట్టుకుందని నా బుర్రకు తట్టలేదు.

మా దగ్గర తల్లిదండ్రులు పిల్లల్ని చూసే టైము ఆదివారం పది నుంచి పన్నెండు. గేటు పక్కన బోర్డు మీద పెద్దక్షరాలతో రాయించింది నేనే. మొదటి ఆదివారం కురుమమ్మ సాయంత్రం ఐదింటికి వచ్చిందట. నేను చెప్పిపెట్టిన ప్రకారం వాచ్‌మన్ మొగిలయ్య తిప్పి పంపేశాడు. సంగతి తెలిసి శ్రీలక్ష్మి నా గదిలోకి దూసుకొచ్చింది.

"మా అమ్మనెందుకు ఎల్లగొట్టిండ్రు?"

"టైంకు రావాలె గద!"

"ఇయ్యాల స్లాబ్ ఉండె మేడం. స్లాబ్ నడుమ ఎట్లొస్తది?"

"ఒక్క గంట అడిగి రారాదా? మనసుంటే ఎట్లయినా రావొచ్చు."

పిల్ల కళ్ళు ఎర్రబడ్డాయి. "మా అమ్మకు మనసు లేదంటున్నరా?" అని, నా జవాబు కోసం ఆగకుండా తలుపు ధడేలున వేసి వెళ్ళిపోయింది. ఆ వారమంతా నాతో మాట్లాడలేదు. నేనూ బెట్టు చేశాను.

ఆ మరుసటి ఆదివారం అశోక్‌నగర్‌లో మా ఇంటి స్లాబ్. పోటీ పరీక్షలకు చదివే పిల్లలకు కిరాయికి ఇద్దామని పైన ఇంకో అంతస్తు లేపుతున్నాం. తెలంగాణ ఉద్యమం రోజులు, ఎప్పుడు బంద్ అంటారో తెలియని కాలం. అందుకని ఆదివారమే కావాలని మేస్త్రీ ప్రాణం తీశాను. గేటు మొగిలయ్యకు అప్పజెప్పి, పొద్దున్నే కొబ్బరికాయ కొట్టించి, అక్కడే కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

పదకొండు కావొస్తుండగా, తట్టలు మోస్తున్న ఆడవాళ్ళలోంచి తలకు తువ్వాలు చుట్టుకున్న ఒకామె నా దగ్గరికి వచ్చింది.

"అమ్మా, జర ఒక్క గంట పోయొస్త. గీ పక్కనే పనున్నది."

"నడుమల పోతే ఎట్ల? ఆగితే స్లాబ్‌ల అతుకు పడ్తది. రేపు వానకు కారితే ఎవరు జిమ్మేదార్? అయిపోయినంక పో."

ఏం పనో అడగలేదు. ఆమె తట్ట ఎత్తుకుని మళ్ళీ వరసలో నిలబడింది.

సాయంత్రం ఐదున్నరకు హాస్టల్‌కు వచ్చేసరికి గేటు బయట ఆవిడే! కాళ్ళ మీద సిమెంటు ఎండి తెల్లగా ఉంది. చేతిలో రొట్టెల మూట. లోపల ఊచలు పట్టుకుని శ్రీలక్ష్మి. ఏం చెయ్యాలో తోచక మొగిలయ్య తల గోక్కుంటున్నాడు.

"అమ్మా, మీరా!" అంది కురుమమ్మ నన్ను చూసి.

"మేడం నీకెట్ల తెలుసమ్మా?"

"గీ అమ్మ ఇంటి స్లాబే బిడ్డా, మేం ఇయ్యాల ఏసింది."

శ్రీలక్ష్మి ఒక్క క్షణం నన్ను చూసి తల్లివైపు తిరిగింది. "ఒక్క గంట పోయొస్తనని అడిగినవా?"

"ఊకో బిడ్డా."

"అడిగినవా, లేదా?"

"అడిగిన," అంది తల్లి, నేల చూస్తూ.

"మేడం, అడిగిందంట. ఎందుకు పంపలే?"

చుట్టూ ఇరవై మంది పిల్లలు. సిగ్గుతో చచ్చిపోయాను. "స్లాబ్ నడుమ..." అన్నాను.

"నేను చెప్పింది గదే గద! గేటు తియ్యుండ్రి."

బతిమాలడం కాదు, హుకుం. మొగిలయ్య దగ్గర తాళంచెవి తీసుకుని నేనే తీశాను. లోపలికి వచ్చి కురుమమ్మ నేల మీద చతికిలబడబోతే, "కుర్చీల కూసో," అంది కూతురు, నన్నే చూస్తూ. తల్లీకూతుళ్ళు చీకటిపడేదాకా రొట్టెలు తింటూ కూర్చున్నారు. మర్నాడు బోర్డు మీద పన్నెండు చెరిపించి సాయంత్రం ఏడు అని రాయించాను. దానికి ఒక్క థాంక్స్ అయినా చెప్పిందా? ఊహూఁ.

2014లో పదో తరగతి అయిపోయి, పెట్టె పట్టుకుని వెళుతూ నా గది ముందు ఆగింది.

"మేడం, మీ ఇల్లు కారుతున్నదా?"

అప్పటికి మూడు వానాకాలాలు చూసింది ఆ స్లాబ్. "లేదే, ఒక్క చుక్క కూడా," అన్నాను.

"కారది. ఆనాడు మా అమ్మ నడుమల రాలే," అని పెట్టె ఎత్తుకుంది.